మండలంలోకెల్లా గట్టి రక్తం

పూల నాంచారమ్మ రక్తం పెట్టగానే మిషను చేతులెత్తేసిందంట. ఈ ముక్క మా పక్కింటి వెంకాయమ్మ పిన్ని పొద్దున్నే ప్రహరీ గోడ మీదుగా నాకు అందించింది. ఆమెకు పాలుపోసే మనిషి చెప్పాడు. అతనికి సర్కారు ఆసుపత్రిలో ఊడ్చే ఆమె చెప్పింది. ఊడ్చే ఆమె మిషన్ని చూడలేదు గానీ, చూసినవాళ్ల మొహాలు చూసిందట.

"అందరికీ మామూలు అంకెలొస్తంటే, నాంచారి రక్తానికి మాత్రం ఇంక నా వల్ల కాదని మిషను గీతలు చూపించి ఊరుకుందంటరా అబ్బాయా! అంత శక్తంట దాని ఒంట్లో. చూడబోతే గాలేస్తే పడేట్టుంటది. మొన్న మూర కనకాంబరాలకి బెత్తెడు కోత పెట్టింది నాకు. అంత శక్తి పెట్టుకుని, మూర సరిగ్గా కొలవటానికి ఏం రోగం దానికి?"

రోగమే. ఆ సంగతి పిన్నికి తెలియదు. తెలిసిన డాక్టరమ్మ చెబితే వినేవాళ్లు లేరు. వినవలసిన ఆయనకు, వినమని పైనుంచి ఆదేశాలు రాలేదు.

మా మండలం సంపూర్ణాలకు కొత్తది కాదు. ఒకప్పుడు సంపూర్ణ అక్షరాస్యత సాధించి, ఆ సంగతి రాసి ఊరి మొదట్లో బోర్డు పెట్టారు. చదవగలిగినవాళ్లు చదివి, చదవలేనివాళ్లకు చెప్పారు. ఆ తర్వాత సంపూర్ణ పారిశుద్ధ్యం సాధించి దాని పక్కన ఇంకా పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు వెనక చాటు బాగుంటుందని తెల్లవారుజామున చెంబులు పట్టుకుని ఇప్పటికీ కొందరు అటే వెళతారు. మూడోది ఈ ఏడు వచ్చింది. సంపూర్ణ రోగనిరోధక మండలం. అంటే మండలంలో పుట్టిన ప్రతి ప్రాణికీ రోగాన్ని ఎదిరించే శక్తి నిండుగా ఉండాలి. లేకపోతే నింపాలి. నింపినట్టు ఫొటో తీయాలి.

దీనికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన అంతకు ముందు చేపల శాఖలో ఉండేవారు. చెరువులెండిపోవడంతో చేపలు, చేపల్లేకపోవడంతో ఆయనా ఖాళీ అయ్యారు. మనిషి మంచివాడు. లంచం ముట్టడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ముట్టేవాడైతే ఊరంతా కలిసి ఏదో ఒకటి చేతిలో పెట్టి ఆపుకునేవాళ్లం. ఆయన తను చెప్పేదాన్ని నిజంగా నమ్ముతారు. చంకలో ఫ్లాస్కు, ఫ్లాస్కులో కషాయం, మాట మాటకీ ఒక గుక్క.

ఆయన రాగానే ఇంటికో తిప్పతీగ నాటాలన్నారు. వేపచెట్టున్నవాళ్లు చెట్టుకు పాకించారు. లేనివాళ్లు డిష్ యాంటెన్నాకి పాకించారు. సీరియల్ మధ్యలో బొమ్మ పోయినప్పుడల్లా తీగ బాగా ఎదుగుతోందని లెక్క. ఆ తర్వాత ప్రతి సచివాలయం ముందూ పొయ్యి వెలిసింది. తిప్పతీగ, పెన్నేరుగడ్డ, పసుపు, మిరియాలు వేసి గుండిగెలో కాచిన కషాయాన్ని పొద్దున్నే జనం వరసలో నిలబడి తాగాలి. తాగే ముందు వేలిముద్ర మిషను మీద బొటనవేలు ఆనించాలి. ముద్ర పడకపోతే తాగినా తాగినట్టు కాదు. ముద్ర పడేదాకా, ఆనించినప్పుడల్లా మళ్లీ తాగాలి.

మండలం మొత్తం మీద ఆ కషాయం ఎక్కువగా తాగింది నాంచారమ్మే. ఆమె బొటనవేలు వాచి నున్నగా ఉంటుంది. మిషను దాన్ని వేలుగా గుర్తించదు.

ఇంతకీ నాంచారమ్మ ఎవరంటే, బస్టాండులో కుడిచేతి వైపు మొదటి బుట్ట ఆమెది. పాతికేళ్లుగా మండలంలో ఏ జడలో పూలున్నా సగం ఆమె కట్టినవే. రెండేళ్ల కిందట ఆమెకు కీళ్లవాతంలో ఒక పాడురకం పట్టుకుంది. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. వేడినీళ్లలో ముంచి, ఒక్కో వేలినీ బతిమాలి లేపుకోవాలి. ఏడాది కిందట మా ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ హిమజ గారు ఆమెను జిల్లా ఆసుపత్రికి పంపించి, పరీక్షలు చేయించి, వారానికొక్కసారి వేసుకునే పచ్చ బిళ్ల ఒకటి తెప్పించి ఇవ్వసాగారు. ఆ బిళ్లతో నాంచారమ్మ వేళ్లు మళ్లీ దారం పట్టాయి. ముడులు మునుపటంత బిగువుగా పడ్డాయి. ఆమె బతుకు ఆ బిళ్ల మీద, ఆ ముడి మీద నిలబడి ఉంది.

జనం శక్తి ఎంతవరకు పెరిగిందో కొలవమని పైనుంచి ఒక మిషను వచ్చింది. రక్తంలో రోగాలతో కొట్లాడే సరుకు ఎంత ఉడుకు మీద ఉందో చూసి అది ఒక అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే మనిషి గట్టివాడు. అందరూ చేతులు చాపారు. రెండో స్థానం తుమ్ముల కోటిలింగానిది. అతనికి దుమ్ము పడదు, ఎండ పడదు, వంకాయ పడదు, చలిగాలి పడదు. పొద్దున్నే మొదలుపెడితే బారెడు పొద్దెక్కేదాకా తుమ్ముతూనే ఉంటాడు, ఒళ్లంతా దద్దుర్లు. ఇన్నాళ్లూ ఎవరైనా శుభకార్యానికి బయల్దేరుతుంటే కోటిలింగాన్ని ఇంట్లోకి తోసి గొళ్లెం పెట్టేవాళ్లు. ఇప్పుడు పరాంకుశం గారు అతని భుజం తట్టి, "మీ ఒంట్లో రక్షకదళం నిరంతరం అప్రమత్తంగా ఉంది. ప్రతి తుమ్మూ ఒక హెచ్చరిక కాల్పు" అన్నారు. అప్పట్నించీ పెళ్లివాళ్లు అతన్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి, తుమ్మాకే బయల్దేరుతున్నారు.

మొదటి స్థానం సంగతి వెంకాయమ్మ పిన్ని చెప్పనే చెప్పింది.

ఆ రోజు నేను పాసుపుస్తకం పని మీద మండలాఫీసు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. డాక్టర్ హిమజ గారు చేతిలో రిపోర్టులతో, వచ్చిన విసురుకి తలుపు గోడకు కొట్టుకునేలా పరాంకుశం గారి గదిలోకి వెళ్లారు. తలుపు మళ్లీ మూసుకోలేదు. నాకన్నీ వినబడ్డాయి.

"సార్, నాంచారమ్మ గారిది శక్తి కాదు, జబ్బు. ఒంట్లో రోగాల మీద పడాల్సిన బలగం దారితప్పి సొంత కీళ్ల మీద పడుతోంది. అందుకే ఆ అంకె. కంచే చేను మేస్తోంది సార్."

పరాంకుశం గారు ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క తాగారు. "మేస్తోందంటే కంచె బలంగా ఉన్నట్టే కదమ్మా."

"చేను పోతోంది సార్!"

"చేను వ్యవసాయ శాఖ చూసుకుంటుంది. మన పరిధి కంచె వరకే."

డాక్టరమ్మ రిపోర్టులు ఆయన బల్ల మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి నెమ్మదిగా చెప్పసాగింది. ఆ తగ్గించడమే కొంప ముంచింది. "కనీసం ఆమెకు కషాయం మినహాయించండి సార్. తిప్పతీగలాంటివి ఆ బలగాన్ని ఇంకా రెచ్చగొట్టొచ్చు. ఆమె వేసుకునే బిళ్ల ఉన్నదే ఆ బలగాన్ని అణచడానికి. ఒక చేత్తో అణచి, ఇంకో చేత్తో..."

"ఏమన్నారు? అణచడానికా?"

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మద్యనిషేధం ఉన్న ఊళ్లో గుళ్లోనే సారా కుండ దొరికితే ధర్మకర్త ఎట్లా లేస్తాడో అట్లా లేచారాయన.

"రోగనిరోధక శక్తిని తగ్గించే మందు! నా మండలంలో! సర్కారు బీరువాలో! పై అధికారులు రేపు తనిఖీకొచ్చి చూస్తే ఏమవుతుందమ్మా? ఒక పక్క శక్తి పెంచుతూ, ఇంకో పక్క తగ్గించే బిళ్లలు పంచుతున్నామని పేపర్లో రాయరా?"

"అది ఆమె మందు సార్."

"మందు ఆమెది కావచ్చు. మండలం అందరిదీ."

పది నిమిషాల్లో ఉత్తర్వు తయారైంది. గుమస్తా బయటికొచ్చి నాకు చదివి వినిపించాడు, వాడికి తన భాష మీద మోజు. 'సంపూర్ణ రోగనిరోధక మండల పరిధిలో రోగనిరోధక శక్తిని క్షీణింపజేయు స్వభావము గల ఔషధములను నిల్వయుంచుట, పంపిణీ చేయుట, విక్రయించుట, మరియు ఏ విధముగనైనను ప్రోత్సహించుట తక్షణమే నిలుపుదల చేయవలెను.' సాయంత్రానికి ఆసుపత్రి బీరువాకు లక్కముద్ర పడింది. తాళంచెవి డాక్టరమ్మ దగ్గరే ఉంచారు. ముద్ర పగలగొడితే ఉద్యోగం పోతుందని కాగితం కూడా ఆమె దగ్గరే ఉంచారు. మందుల షాపులవాళ్లు ఉత్తర్వు పూర్తిగా చదవకుండానే ఆ పచ్చ బిళ్లలు పట్నానికి వెనక్కి పంపేశారు.

"రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తాను" అందట డాక్టరమ్మ.

"నిరభ్యంతరంగా ఇవ్వండి" అన్నారట ఆయన.

ఆ వారం బిళ్ల పడలేదు. పైవారం కూడా పడలేదు. కషాయం మాత్రం మానలేదు. రోజూ పొద్దున బొటనవేలు ఆనించడం, పడకపోవడం, తాగడం.

నేను బస్టాండుకు వెళ్లేసరికి నాంచారమ్మ బుట్ట చుట్టూ జాతరలా ఉంది. మండలంలోకెల్లా గట్టి రక్తమున్న మనిషి చేతి పూలు పెట్టుకుంటే దగ్గు కూడా దరికి రాదని ఎవరు పుట్టించారో గానీ, ఆడవాళ్లు బస్సులు దిగకముందే కిటికీల్లోంచి డబ్బులు చాపుతున్నారు. మా వెంకాయమ్మ పిన్ని అందరికంటే ముందుంది.

నాంచారమ్మ దారం మోచేతికి ఆనించి కొలవబోయింది. మోచెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకాస్త చాచింది. చెయ్యి సాగలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి.

"నా చెయ్యి పూర్తిగా రావట్లేదు వదినా. ఇదిగో, మూరకి గుర్తు పెట్టిన తాడుంది. దీంతో కొలుస్తా, నీకు తక్కువ కాకుండా ఉంటది" అంది.

"తాడెందుకే! నీ చేత్తోనే కొలువు. నీ చెయ్యి ఎంతొస్తే అంతే నాకు మూర" అంది పిన్ని, మొన్న బెత్తెడు కోతకు ఊరంతా చాటిన మనిషి. ఆ కురచ మూరను కళ్లకద్దుకుని జళ్లో పెట్టుకుంది. "సూశావా అబ్బాయా, శక్తి గట్టిపడేకొద్దీ చెయ్యి బిగుసుకుపోతంది. ఉక్కు చెయ్యి!"

జనం తగ్గాక నాంచారమ్మ బుట్ట పక్కకు జరిపి చేతులు చూపించింది. వేళ్ల కణుపులు చింతపిక్కల్లా ఉబ్బి ఎర్రబారి ఉన్నాయి.

"కట్టటం నా వల్ల కావట్లా తమ్ముడా. పక్క బుట్ట సీతామాలక్ష్మి కట్టిపెడతంది. నేను ఊరికే ముట్టుకుని ఇస్తన్నా. అయ్యే కావాలంట జనానికి. ఇదేం యాపారం? నా యేళ్లు నాకొద్దా?"

"పట్నం నుంచి బిళ్లలు నేను తెచ్చిపెడతా అక్కా" అన్నాను. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. చీటీ మీద మండలం పేరు లేకుండా రాసింది పాపం.

తెచ్చాను గానీ, ఈలోగా ఇంకో ముచ్చట జరిగింది. నాంచారమ్మ అంకె సంగతి పక్క మండలం దాకా పాకింది. వాళ్లకూ లక్ష్యాలున్నాయి, వాళ్లకూ పోటీ ఉంది. వాళ్ల మండలంలో ముక్కు మీదా బుగ్గల మీదా ఎర్రటి మచ్చ లేచి, ఎండలోకొస్తే సోలిపోయే అమ్మాయి ఒకతె దొరికిందట. ఆ అమ్మాయి అంకె కూడా బాగానే ఉందట గానీ నాంచారమ్మంత లేదు. అందుకని ఆ మండలంవాళ్లు మనిషిని పంపి, ఆధార్‌లో అడ్రసు మార్పించుకుని తమ ఊరొస్తే ఇంటి స్థలం ఇస్తామని నాంచారమ్మకు కబురు పెట్టారు. ఆ మాట తెలిసి పరాంకుశం గారు యుద్ధప్రాతిపదికన చర్యలు చేపట్టారు. నాంచారమ్మ గుమ్మం ముందు కుర్చీ వేసి ఒక శక్తి సంరక్షకురాలిని కూర్చోబెట్టారు. ఎవరొచ్చినా ఎందుకొచ్చారో అడగాలి. బుట్టలో ఏముందో చూడాలి. మండలం శక్తికి హాని కలిగించేది ఏదీ గుమ్మం దాటకూడదు.

నేను ఆ బిళ్లల అట్టను బంతిపూల కింద పెట్టి తీసుకెళ్లాను. గుమ్మం ముందు కుర్చీలో ఉన్న అమ్మాయి బంతిపూలు ఒక్కొక్కటే తీసి చూసింది. ఆమె మా ఊరి అమ్మాయే, పేరు స్వరాజ్యం. "ఏమనుకోబాక బాబాయ్, నా ఉద్యోగం ఇది" అని అట్ట తీసి ఒళ్లో పెట్టుకుని ఫోన్ చేసింది.

పరాంకుశం గారు స్వయంగా జీపులో వచ్చారు. కోపంగా రాలేదు. చేతులు జోడించుకుని వచ్చారు.

"అమ్మా, మీరిలా చేస్తే ఎలా? మీ శక్తి ఇప్పుడు మీ సొంతం కాదు. మండలానిది."

నాంచారమ్మ అరుగు మీద మోకాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. లేవలేదు. లేవలేక.

"శక్తి మండలానిదైతే నొప్పి ఎవరిదయ్యా?"

ఆయన క్షణం ఆలోచించారు. చెప్పానుగా, మంచివాడు, ఏదడిగినా ఆలోచించే చెబుతాడు.

"నొప్పి వ్యక్తిగతమమ్మా. అందులో మేం జోక్యం చేసుకోం."

మా ఊళ్లో మూడు తరాలుగా పసర్లు నూరే భావనారుషి గారు అప్పుడే అటు వెళుతూ ఆగారు. "బాబూ, తిప్పతీగ మంచిదే, ఎవరు కాదన్నారు. మా తాత మనిషి నాడి చూశాకే తీగవైపు చూసేవాడు. ఈమె ఒంటికి అది పనికిరాదు. పెన్నేరూ వద్దు. మండలానికంతా కలిపి ఒకటే నాడి ఉంటదా?" అన్నారు.

పరాంకుశం గారు గౌరవంగా తల వంచి అడిగారు. "తాతగారు ఆ మేరకు ఉత్తర్వు ఏదైనా ఇచ్చి ఉన్నారా? నంబరుంటే జతపరుస్తాను."

భావనారుషి గారు చేతికర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

బిళ్లల అట్ట జీపులో పోయింది. వాళ్లు మళ్లీ రక్తం తీశారు. ఈసారి మిషను గీతలు కూడా చూపించలేదు, ఒక్క కూత కూసి ఆరిపోయింది. రెండు రోజులు దాన్ని బాగుచేయించి మళ్లీ పెడితే అంకె వచ్చింది. పాతదానికంటే ఎంతో పెద్దది. మనిషి ఎంత కుంగితే అంకె అంత లేస్తోంది. మండలాఫీసు గోడ మీద ప్రగతి పటం ఒకటి ఉంది. దానిలో నాంచారమ్మ గీత పటం పై అంచు దాటిపోయింది. పైన ఇంకో అట్ట అంటించారు. అదీ దాటితే ఇంకొకటి. నేను పాసుపుస్తకం కోసం ఆఖరిసారి వెళ్లినప్పుడు, ఆ గీత ఫ్యాను దాకా వెళ్లి ఆగి ఉంది. ఫ్యాను ఆపేశారు, గీత చిరుగుతుందని. గదిలో అందరూ చెమటలు కార్చుకుంటూ పని చేస్తున్నారు.

"చూశారా! మన మండలం ఆకాశాన్ని అంటింది" అన్నారు పరాంకుశం గారు చొక్కాతో మొహం తుడుచుకుంటూ. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

అక్కడే ఉన్న డాక్టర్ హిమజ గారు, "సార్, ఇంకో నెల ఇట్లాగే పోతే ఆమె వేళ్లు వంకరపోయి అట్లాగే ఉండిపోతాయి. తర్వాత ఏ బిళ్ల వేసినా తిరిగి రావు" అన్నారు.

"నెల అక్కర్లేదమ్మా. గురువారమే సన్మానం."

సన్మానం మండల పరిషత్ హాల్లో జరిగింది. జిల్లా నుంచి సంచాలకులు గారు వచ్చారు. వాటంగా ఉన్న మనిషి, మాటకు ముందు చిన్న దగ్గు, మాట తర్వాత చిరునవ్వు. ఆయన వెంట ఇంకో నలుగురు అధికారులు. కార్యక్రమానికి ముందు వేదిక వెనక టిఫిన్లు పెట్టారు. ఇడ్లీ, మినపగారె, అల్లం పచ్చడి. నాంచారమ్మను కూడా అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. తోడుగా వెళ్లిన నేను గారెలు తుంచి ఆమె నోటికి అందించాను. ఆమె గారె పట్టుకోలేకపోతోంది.

టిఫిన్లు అయ్యాయి. సంచాలకులు గారు జేబులోంచి చిన్న డబ్బా తీసి ఒక బిళ్ల నోట్లో వేసుకుని నీళ్లు తాగారు. పక్కాయన పర్సులోంచి అట్ట తీసి ఒకటి చిదిమి మింగాడు. "షుగరాండీ?" అని ఒకాయన అడిగితే, "బీపీ. షుగరుది తినకముందే వేసేశా" అని ఆ మింగినాయన చెప్పాడు. "నాది థైరాయిడ్, లేవగానే పడాలి, లేకపోతే రోజంతా నీరసమే" అంది మహిళా అధికారి. పరాంకుశం గారు ఫ్లాస్కు మూతలో కషాయం పోసుకుని, దానితోపాటు ఒక గుండెబిళ్ల వేసుకున్నారు. నాంచారమ్మ వాళ్లందరినీ వరసగా చూస్తూ కూర్చుంది.

సభ మొదలైంది. ముందు తుమ్ముల కోటిలింగం ప్రార్థనగా తుమ్మాడు. తర్వాత పరాంకుశం గారు నివేదిక చదివారు. శతశాతం తీగలు, శతశాతం కషాయం, శతశాతం వేలిముద్రలు, 'సాంకేతిక కారణాల వల్ల ఒకే ఒక్క వేలు మినహా'. చప్పట్లు.

సంచాలకులు గారు లేచి మైకు సర్దుకున్నారు. "రోగం వచ్చాక మందు వేసుకోవడం పాత పద్ధతి. మందుల మీద ఆధారపడని సమాజం మన ధ్యేయం. బిళ్ల లేని మండలం, బిళ్ల లేని జిల్లా, బిళ్ల లేని రాష్ట్రం! ఆ కలకు నిలువెత్తు రూపం ఈ నాంచారమ్మ గారు. ఒక సామాన్య పూల వర్తకురాలు. అయినా ఆమె రక్తం ముందు మిషన్లు మూగబోయాయి!"

శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు, ఇత్తడిది, తిప్పతీగ ఆకారంలో. ఆమె రెండు చేతులూ చాపలేకపోతే మణికట్ల మీద మోపారు. బరువుకి అది జారి నేలమీద పడింది. "వినయం" అన్నారు సంచాలకులు గారు మైకులో. మళ్లీ చప్పట్లు. వెండిపూత గ్లాసులో కషాయం తెచ్చి ఫొటో కోసం ఆమె పెదాలకు ఆనించారు. ఆమె పెదాలు తెరవలేదు. ఫొటోకు అది తెలియదు కాబట్టి పని జరిగిపోయింది.

డాక్టర్ హిమజ గారు హాలు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా వెంకాయమ్మ పిన్ని మొదటి వరసలో కురచ మూర పూలు పెట్టుకుని కూర్చుని ఉంది. సంచాలకులు గారు మైకును నాంచారమ్మ నోటి దగ్గర పట్టుకుని, పసిపిల్లతో మాట్లాడినట్టు వంగి అడిగారు.

"అమ్మా, సిగ్గుపడకుండా చెప్పండి. ఇంతమంది అధికారులం వచ్చాం మీ దగ్గర నేర్చుకోవడానికి. మాక్కూడా మీ అంత శక్తి రావాలంటే మేమేం చెయ్యాలి?"

హాలంతా మెడలు చాచింది. ఫొటోలవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కుర్చీల్లో ఉన్న నలుగురినీ, పరాంకుశం గారినీ చూసింది.

"ఇందాక టిఫిన్లు తిని తలా ఒక బిళ్ల మింగారే, అయ్యి మానెయ్యండయ్యా. అయ్యన్నీ తీసకెళ్లి బీరువాలో నా బిళ్ల పక్కన పెట్టి సీలెయ్యండి. నెల తిరక్కుండా వచ్చిద్ది."